ఫంగస్ వ్యాధులకు రక్తంలో యాంటీబాడీ పరీక్ష: ఎవరికి అవసరం, ఎలా చేయించుకోవాలి, రిపోర్టు ఎలా చదవాలి

టీబీ మందులు పూర్తిగా వాడి నయమైందనిపించుకున్న మనిషికి నాలుగైదేళ్ల తర్వాత మళ్లీ దగ్గు మొదలై, గళ్లలో రక్తపు చారలు కనిపిస్తే, ఇంట్లోవారికి మొదట తట్టేది టీబీ తిరగబెట్టిందనే. మా మేనమామ విషయంలో అదే జరిగింది. ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఏళ్ల తరబడి కాటా దగ్గర పనిచేసిన మనిషి. గళ్ల పరీక్షలో క్రిములు కనిపించకపోయినా ఆయనకు రెండోసారి టీబీ మందులు మొదలుపెట్టారు. ఐదు నెలలు వాడినా దగ్గు తగ్గలేదు, బరువు మాత్రం తగ్గుతూనే వచ్చింది. చివరికి ఛాతీ వైద్యుడొకరు సీటీ స్కాన్‌లో పాత టీబీ మిగిల్చిన గుల్లను, ఆ గుల్లలో ఉండలాంటి నీడను చూసి, ఆస్పర్జిల్లస్ అనే బూజుకు ఐజీజీ రకం యాంటీబాడీ పరీక్ష రాశారు. అప్పటికి నేను గుంటూరులోనే ఒక ప్రయోగశాలలో రక్తంలో యాంటీబాడీలను కొలిచే సీరాలజీ విభాగంలో పనిచేస్తున్నాను. ఆ పరీక్ష పేరు నాకు కొత్త కాదు, అయినా ఆ ఐదు నెలల్లో ఒక్కసారి కూడా అది నాకు గుర్తుకు రాలేదు. అదే స్థితిలో ఉన్న కుటుంబాలకు ఉపయోగపడాలని, ఈ పరీక్షను ఎప్పుడు అడగాలో, ఎప్పుడు దాని మీద డబ్బు పెట్టకూడదో వరుసగా రాస్తున్నాను. ఇది వైద్యుడి సలహాకు బదులు కాదు, వైద్యుడి ముందు కూర్చున్నప్పుడు మీరు సరైన ప్రశ్న అడగడానికి మాత్రమే.

ఒక్క విషయం మొదటే గ్రహించాలి. యాంటీబాడీ పరీక్ష మీ రక్తంలో ఫంగస్‌ను వెతకదు. ఫంగస్‌ను చూసి మీ శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలను కొలుస్తుంది. అంటే దొంగను పట్టుకోవడం కాదు, దొంగ వచ్చాడని కుక్క మొరిగిందా లేదా అని తెలుసుకోవడం. ఆ కుక్క దారినపోయేవారిని చూసి మొరిగి ఉండవచ్చు, దొంగ లోపలే ఉన్నా జబ్బుపడి మొరగలేకపోయి ఉండవచ్చు. ఈ పరీక్షలో వచ్చే తప్పులు దాదాపు అన్నీ ఈ రెండు రకాల్లోనివే.

మొదటి పని: మీ జబ్బుకు ఈ పరీక్ష వర్తిస్తుందో లేదో తేల్చుకోండి

ఫంగస్ జబ్బు అనగానే రక్తపరీక్ష అడగకండి. కృష్ణా తీరపు ఉక్కపోతలో తొడల మధ్య, నడుము చుట్టూ వచ్చే తామరకు రక్తపరీక్షతో పని లేదు. మచ్చ అంచు నుంచి పొట్టు గీరి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే ఫంగస్ పోగులు నేరుగా కనిపిస్తాయి. గోరు పుచ్చితే గోరు ముక్కే నమూనా. వరి కోతల్లో ఆకు కొసో గడ్డిపరకో తగిలి కంటి నల్లగుడ్డు మీద తెల్లని పుండు పడితే, అది ఫంగస్ పుండు కావడానికి మన డెల్టాలో ఎంతో అవకాశం ఉంది. అక్కడ కూడా కంటి వైద్యుడు పుండు నుంచి గీరి తీసిన నమూనాయే ఆధారం, కాబట్టి రక్తపరీక్షల కోసం ఒక్క రోజు కూడా ఆగకుండా కంటి ఆస్పత్రికి వెళ్లాలి.

2021 మే నెలలో కోవిడ్ రెండో విడత తర్వాత నల్ల ఫంగస్ భయం పెరిగినప్పుడు, ముక్కు దిబ్బడ వేసిన ప్రతివారూ మా కిటికీ దగ్గరికి వచ్చి ఫంగస్ రక్తపరీక్ష చేయమని అడిగేవారు. మ్యూకర్‌మైకోసిస్ అనే ఆ జబ్బును పట్టిచ్చే యాంటీబాడీ పరీక్ష వాడుకలో లేదు. ఇతర ఫంగస్‌ల కోసం చేసే గెలాక్టోమానన్, బీటా గ్లూకాన్ పరీక్షలు కూడా దాన్ని పట్టవు, పైగా అవి నెగెటివ్ వచ్చాయని నిశ్చింతగా ఉండిపోవడం ప్రమాదకరం. మధుమేహం ఉన్నవారికి ముఖం ఒకవైపు వాపు, కంటి నొప్పి, ముక్కులో నల్లని చెక్కు, అంగిలి మీద నల్లమచ్చ కనిపిస్తే ఎండోస్కోపీ, స్కాన్, బయాప్సీ ఇవే దారి.

క్యాండిడా విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఈ ఫంగస్ ఆరోగ్యవంతుల నోటిలో, పేగుల్లో మామూలుగానే కాపురముంటుంది కనుక దానికి యాంటీబాడీలు చాలామందిలో ఉంటాయి. నీరసం, కడుపు ఉబ్బరం వంటి వాటికి క్యాండిడా యాంటీబాడీ ప్యానెల్ చేయించుకోమని ఎవరైనా చెబితే, దాని వల్ల మీ జబ్బేమిటో తేలదని నేను నమ్మకంగా చెప్పగలను. నోటి పూతకైనా, స్త్రీలకు వచ్చే తెల్లబట్ట, దురదకైనా అక్కడి నుంచే నమూనా తీయాలి. ఐసీయూలో ఉన్న రోగి రక్తంలోకి క్యాండిడా పాకిందన్న అనుమానం ఉంటే బ్లడ్ కల్చర్ చేస్తారు, అది సుమారు సగం కేసుల్లోనే పట్టిస్తుంది కాబట్టి దానికి తోడుగా బీటా గ్లూకాన్ పరీక్ష చేస్తారు.

మరి యాంటీబాడీ పరీక్ష ఎవరికి? మన ప్రాంతంలో ముఖ్యంగా రెండు రకాల వారికి.

మొదటివారు, టీబీ తగ్గిన తర్వాత ఊపిరితిత్తిలో గుల్ల మిగిలిపోయినవారు. ఆస్పర్జిల్లస్ అనే బూజు గాలిలో, ధాన్యపు గాదెల్లో, కుళ్లిన ఆకుల్లో, తడిసిన గోడల మీద అంతటా ఉంటుంది. దాని సిద్ధబీజాలను మనం రోజూ పీలుస్తూనే ఉంటాం, ఆరోగ్యమైన ఊపిరితిత్తి వాటిని ఎప్పటికప్పుడు తుడిచివేస్తుంది. టీబీ గుల్లలో ఆ శుభ్రత జరగదు. అక్కడ బూజు నిదానంగా పెరిగి, గోడలను తింటూ, ఒక్కోసారి ఉండ కడుతుంది. దీన్నే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల ఆస్పర్జిల్లోసిస్ అంటారు. 1968లో బ్రిటన్‌లో ప్రచురించిన ఒక సర్వేలో, టీబీ తర్వాత రెండున్నర సెంటీమీటర్లు లేదా అంతకు మించిన గుల్ల మిగిలిన 544 మందిని పరీక్షిస్తే, వారిలో నాలుగో వంతు మంది రక్తంలో ఆస్పర్జిల్లస్ యాంటీబాడీలు కనిపించాయి. మూడు నెలలకు మించి దగ్గు, గళ్లలో రక్తం, బరువు తగ్గడం, అలసట ఉండి, గళ్ల పరీక్షలోనూ, టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్‌లోనూ టీబీ క్రిమి కనిపించకపోతే, ఈ జబ్బుకు ఆస్పర్జిల్లస్ ఐజీజీ పరీక్షే వెన్నెముక. గళ్ల కల్చర్ చాలాసార్లు నెగెటివ్ వస్తుంది, రక్తంలో యాంటీబాడీ మాత్రం ఈ రోగుల్లో అత్యధికులకు పాజిటివ్ ఉంటుంది. మా మామయ్యకు కావలసింది ఇదే.

రెండోవారు, ఉబ్బసం ఎన్ని పంపులు వాడినా అదుపులోకి రానివారు. వారిలో కొందరికి శ్వాసనాళాల్లో చేరిన ఆస్పర్జిల్లస్ మీద శరీరం అలర్జీతో తిరగబడుతుంది. దీన్ని ఏబీపీఏ (అలర్జిక్ బ్రాంకోపల్మనరీ ఆస్పర్జిల్లోసిస్) అంటారు. దగ్గినప్పుడు గోధుమరంగు గట్టి ముద్దలు పడడం, ఎక్స్‌రేలో మచ్చలు ఒకసారి ఒకచోట, మరోసారి మరోచోట కనిపించడం దీని గుర్తులు. ఆ మచ్చలను చూసి టీబీ అనుకుని మందులు ఇచ్చిన సందర్భాలు మన దేశంలో తక్కువేమీ కాదు. ఇక్కడ కొలవవలసింది ప్రధానంగా అలర్జీలో పెరిగే ఐజీఈ రకం యాంటీబాడీ.

వీరిద్దరికీ తోడుగా, మన జిల్లాల్లో ఇప్పుడు తప్పనిసరిగా గుర్తుంచుకోవలసిన మూడో వర్గం ఒకటుంది. పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లి ఆరు నెలలుండి వచ్చే తల్లిదండ్రులు మన ఊళ్లలో వీధికొకరున్నారు. ఆరిజోనాలో, కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయలో మట్టిలో కాక్సిడియాయిడిస్ అనే ఫంగస్ ఉంటుంది. దుమ్ముతో పాటు పీల్చితే ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, దగ్గు, కీళ్లనొప్పులు వస్తాయి. అక్కడివారు దాన్ని వ్యాలీ ఫీవర్ అంటారు. దీన్ని తేల్చడానికి యాంటీబాడీ పరీక్షే మొదటి సాధనం. అయితే విజయవాడలో మిమ్మల్ని చూసే వైద్యుడికి మీరు ఆరిజోనాలోని ఫీనిక్స్‌లో ఉండి వచ్చారని తెలియకపోతే ఆ ఆలోచన రావడానికి ఆస్కారమే లేదు. గళ్లను కల్చర్‌కు ఇచ్చేటప్పుడు కూడా ఈ ప్రయాణం సంగతి చీటీ మీద రాయించండి. ఆ ఫంగస్ కల్చర్ ప్లేటులో పెరిగిన తర్వాత మూత తీసి వాసన చూసినంత మాత్రాన ప్రయోగశాల సిబ్బందికి సోకగలదు. ఆ బల్ల దగ్గర కూర్చునేవారి తరఫున ఇది నా విన్నపం.

గంగా మైదానంలో, పశ్చిమ బెంగాల్‌లో ఎక్కువగా కనిపించే హిస్టోప్లాస్మోసిస్‌కూ యాంటీబాడీ పరీక్షలున్నాయి. ఆ ప్రాంతాల్లో ఏళ్లపాటు ఉద్యోగం చేసి వచ్చినవారు ఆ మాట వైద్యుడికి చెప్పాలి.

రెండో పని: మీ శరీరం జవాబు చెప్పగల స్థితిలో ఉందో లేదో చూసుకోండి

యాంటీబాడీలు తయారుచేసేది మీ రోగనిరోధక వ్యవస్థ. క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్నవారు, మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడుతున్నవారు, హెచ్‌ఐవీ ముదిరినవారు, వీరి రక్తంలో ఫంగస్ విజృంభిస్తున్నా యాంటీబాడీలు తగినన్ని ఉండకపోవచ్చు. వీరికి యాంటీబాడీ నెగెటివ్ రిపోర్టు జబ్బు లేదని చెప్పే హామీ కాదు. ఇలాంటివారిలో ఫంగస్ ఒంట్లోంచే విడుదలయ్యే పదార్థాలను, అంటే యాంటిజెన్‌లను వెతకాలి. ఆస్పర్జిల్లస్‌కు గెలాక్టోమానన్, మెదడు పొరలకు సోకే క్రిప్టోకాకస్‌కు క్రిప్టోకాకల్ యాంటిజెన్. రోగనిరోధక శక్తికి కొలమానమైన సీడీ4 కణాలు మైక్రోలీటరు రక్తంలో 100 కంటే తగ్గిన హెచ్‌ఐవీ రోగికి తలనొప్పి లేకపోయినా ఈ క్రిప్టోకాకల్ యాంటిజెన్ పరీక్ష చేయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇది యాంటీబాడీ పరీక్ష కాదు, పట్టీ మీద పది నిమిషాల్లో ఫలితం చూపే యాంటిజెన్ పరీక్ష.

జబ్బు మొదలై ఎన్ని రోజులైందన్నది కూడా ముఖ్యం. ఐజీఎం రకం యాంటీబాడీలు తొలి వారాల్లో, ఐజీజీ రకం ఇంకొంత ఆలస్యంగా తేలుతాయి. హిస్టోప్లాస్మా వంటివాటికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు కూడా పట్టవచ్చు. జ్వరం వచ్చిన ఐదో రోజున చేసిన పరీక్ష నెగెటివ్ వస్తే దానికి అర్థం లేదు, రెండు మూడు వారాల తర్వాత రెండో నమూనా ఇవ్వాలి.

ఇతరుల ప్లాస్మా నుంచి తీసిన ఇమ్యూనోగ్లోబులిన్ ఇంజెక్షన్ గత కొద్ది నెలల్లో మీకు ఎక్కించి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి. అందులోని యాంటీబాడీలు మీ రక్తంలో కొంతకాలం తిరుగుతూ, మీవి కాని జవాబును మీ పేరు మీద ఇస్తాయి.

మూడో పని: చీటీ మీది పేరును అక్షరం అక్షరం సరిచూసుకోండి

కిటికీ దగ్గర జరిగే పొరపాట్లలో నేను ఎక్కువగా చూసింది ఇదే. ఆస్పర్జిల్లస్ అనే ఒక్క మాట మీద కనీసం నాలుగు వేర్వేరు పరీక్షలున్నాయి. ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ ఐజీజీ అనేది టీబీ గుల్లలో పెరిగే జబ్బుకు. ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ ఐజీఈ అనేది ఉబ్బసం ఉన్నవారిలో అలర్జీకి. గెలాక్టోమానన్ అనేది యాంటిజెన్ పరీక్ష, రోగనిరోధక శక్తి పడిపోయినవారికి. ఐజీఎం కూడా కొన్ని ప్రయోగశాలలు చేస్తాయి, దీర్ఘకాలిక జబ్బులో దానికి పెద్ద విలువ లేదు. వైద్యుడు ఆస్పర్జిల్లస్ యాంటీబాడీ అని మాత్రమే రాస్తే, బిల్లు కట్టకముందే మళ్లీ లోపలికి వెళ్లి, ఐజీజీయా, ఐజీఈయా, రెండూనా అని అడిగి రాయించుకోండి. ఇమ్యూనోక్యాప్ యంత్రం మీద చేసే ప్రయోగశాలల జాబితాలో ఐజీఈ పరీక్షకు ఎమ్3 అనీ, ఐజీజీ పరీక్షకు జీఎమ్3 అనీ సంకేతాలుంటాయి. ఒక్క అక్షరమే తేడా, పరీక్ష పూర్తిగా వేరు.

ఏ పద్ధతిలో చేస్తారో కూడా అడగండి. నేను పనిలో చేరిన కొత్తలో అగార్ జెల్‌లో చిన్న గుంతలు కోసి, మధ్య గుంతలో ఫంగస్ సారం, చుట్టూ రోగుల సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) పోసి, తడి పెట్టెలో రెండు మూడు రోజులు ఉంచేవాళ్లం. రెండూ కలిసిన చోట తెల్లని గీత పడితే పాజిటివ్. 1948లో స్వీడన్ శాస్త్రవేత్త ఊచ్టర్‌లోనీ వర్ణించిన పద్ధతి అది. గీత పడితే నమ్మదగినదే, కానీ పడనంత మాత్రాన జబ్బు లేదనలేం. ఇప్పుడు వాడుతున్న ఎలైజా, ఇమ్యూనోక్యాప్ వంటివి సంఖ్య ఇస్తాయి, తక్కువ యాంటీబాడీలను కూడా పట్టగలవు. ఎలైజా సంఖ్యకూ ఇమ్యూనోక్యాప్ సంఖ్యకూ పొంతన ఉండదు కాబట్టి, మొదటిసారి ఏ ప్రయోగశాలలో ఏ పద్ధతిలో చేయించారో తర్వాత కూడా అక్కడే, అదే పద్ధతిలో చేయించండి.

నాలుగో పని: రక్తం ఇచ్చే రోజు

ఈ పరీక్షకు పరగడుపున ఉండనక్కరలేదు. నూనె, నెయ్యి ఎక్కువగా ఉన్న భోజనం చేసిన వెంటనే మాత్రం వెళ్లకండి, సీరం పాలలా మారి కొన్ని యంత్రాలు సరిగా చదవలేవు. ఎర్ర మూత లేదా పసుపు మూత ట్యూబులో మూడు నుంచి ఐదు మిల్లీలీటర్ల రక్తం చాలు. అదే రోజు కంప్లీట్ బ్లడ్ కౌంట్ కూడా రాసి ఉంటే దానికి ఊదా మూత ట్యూబు వేరుగా తీస్తారు.

మందులు ఆపవద్దు. అలర్జీ మాత్రలు చర్మం మీద చేసే అలర్జీ పరీక్షను చెడగొడతాయి గాని, రక్తంలో ఐజీఈని మార్చవు. స్టెరాయిడ్లు మాత్రం మొత్తం ఐజీఈని తగ్గిస్తాయి కనుక, వైద్యుడు అంగీకరిస్తే ఏబీపీఏ కోసం తొలి నమూనా స్టెరాయిడ్లు మొదలుపెట్టకముందే ఇవ్వడం మేలు. ఆయాసంతో ఉన్న రోగికి మందు ఆలస్యం చేసి మాత్రం కాదు. జుట్టు కోసం, గోళ్ల కోసం ఎక్కువ మోతాదు బయోటిన్ మాత్రలు వాడుతున్నవారు ఆ సంగతి చెప్పాలి, కొన్ని యంత్రాల రసాయన చర్యలో అది జోక్యం చేసుకుంటుంది.

ఈ పరీక్షలు చాలావరకు గుంటూరు, విజయవాడల్లో నమూనా తీసి వేరే నగరానికి పంపి చేయిస్తారు. యాంటీబాడీలు త్వరగా పాడయ్యేవి కావు, చల్లగా ఉంచిన సీరంలో కొన్ని రోజులు నిలకడగా ఉంటాయి. పాడయ్యేది సీరం వేరుచేయని రక్తం. బెజవాడ మే నెల ఎండలో ట్యూబును బండి డిక్కీలో పెట్టుకుని తిప్పితే ఎర్రకణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది. అందుకని ఇంటికి వచ్చి రక్తం తీసుకువెళ్లే ఏర్పాటు కంటే, ఎండాకాలంలో సీరం వేరుచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రం ఉన్న కేంద్రానికి మీరే ఉదయాన్నే వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. శనివారం మధ్యాహ్నం ఇచ్చిన నమూనా ఆదివారమంతా ఆగిపోవచ్చు, సోమ, మంగళవారాలు అనువైనవి.

ట్యూబు మీద అంటించే చీటీలో మీ పూర్తి పేరు, ఇంటిపేరు, వయసు ఉన్నాయో లేదో కళ్లారా చూడండి. ఒకే పేరున్నవారు ఒకే రోజు ఇద్దరు ముగ్గురు రావడం మాకు మామూలే.

ఐదో పని: రిపోర్టు చదవడం

ముందు యూనిట్ చూడండి, తర్వాత పద్ధతి, తర్వాత ఆ ప్రయోగశాల ఇచ్చిన హద్దు, చివరగా మీ సంఖ్య.

ఆస్పర్జిల్లస్ ఐజీజీకి ఇమ్యూనోక్యాప్ తయారీదారు చెప్పే హద్దు లీటరుకు 40 మిల్లీగ్రాములు. చండీగఢ్‌లోని పీజీఐఎంఈఆర్ అనే వైద్య విద్యాసంస్థ వైద్యులు మన దేశపు రోగులను పరీక్షించి సుమారు 27 దగ్గర గీత గీయడం సరైనదని తేల్చారు. కాబట్టి మీకు 33 వచ్చి, పక్కన నెగెటివ్ అని ముద్రించి ఉంటే, దాన్ని చూసి ఫైలు మూసేయకండి. గుల్ల ఉండి, లక్షణాలు ఉంటే ఆ 33 మాట్లాడవలసిన సంఖ్యే. ఇక రిపోర్టులో చాలా ఎక్కువ సంఖ్య ఉన్నా, సీటీ స్కాన్‌లో ఏమీ లేకపోతే అది జబ్బు కాదు. మిర్చి టిక్కీలు మోసే హమాలీలు, పత్తి మిల్లుల్లో, కోళ్లఫారాల్లో, గాదెల్లో పనిచేసేవారు బూజును ఇతరుల కంటే ఎక్కువగా పీలుస్తారు కనుక వారి రక్తంలో యాంటీబాడీ ఉండడం ఆశ్చర్యం కాదు. లక్షణాలు, స్కాన్, యాంటీబాడీ మూడూ ఒకే మాట చెప్పాలి, టీబీ లేదని కూడా తేలాలి. అప్పుడే దీర్ఘకాలిక ఆస్పర్జిల్లోసిస్ అంటారు.

నెగెటివ్ వచ్చినా అనుమానం బలంగా ఉంటే ఒక కారణం గుర్తుపెట్టుకోండి. చాలా కిట్లు ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ సారంతో తయారైనవి. మన వేడి వాతావరణంలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ కూడా జబ్బు చేస్తుంది, మిరపకాయల్లో, వేరుశనగల్లో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని చేర్చేది ఇదే. దీనివల్ల వచ్చిన జబ్బును ఫ్యూమిగేటస్ కిట్ తప్పిపోవచ్చు. అప్పుడు గళ్ల కల్చర్, లేదా బ్రాంకోస్కోపీలో, అంటే శ్వాసనాళంలోకి గొట్టం పంపి, తీసిన ద్రవంలో గెలాక్టోమానన్ దారి చూపుతాయి.

ఉబ్బసం ఉన్నవారు చదవవలసిన వరుస వేరు. మొదట ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ ఐజీఈ 0.35 దాటిందో లేదో చూడాలి, దాటకపోతే ఏబీపీఏ దాదాపు లేనట్టే. దాటితే మొత్తం ఐజీఈ చూడాలి. 2013 నాటి అంతర్జాతీయ నియమం ప్రకారం మిల్లీలీటరుకు 1000 యూనిట్లు ఉండాలి, 2024లో దాన్ని 500కు తగ్గించారు. పాత హద్దు అలవాటైనవారు 700 వచ్చిన రోగిని వదిలేసే అవకాశం ఉంది కాబట్టి ఈ మార్పును మీరు మర్యాదగా గుర్తుచేయవచ్చు. ఈ రెండింటితో పాటు ఐజీజీ పెరగడం, రక్తంలో ఇసినోఫిల్ అనే తెల్లకణాలు మైక్రోలీటరుకు 500 లేదా అంతకు మించి ఉండడం, స్కాన్‌లో శ్వాసనాళాలు వెడల్పవడం, ఈ మూడింటిలో రెండు కలిస్తే నిర్ధారణ బలపడుతుంది. మొత్తం ఐజీఈ ఒక్కటే పెరిగితే తొందరపడకండి. కడుపులో నులిపురుగులున్నా అది పెరుగుతుంది. బోదకాలు వ్యాప్తిలో ఉన్న తీర ప్రాంతాలు మనవి, ఫైలేరియా క్రిమి ఊపిరితిత్తుల్లో కలిగించే జబ్బులోనూ ఐజీఈ, ఇసినోఫిల్స్ రెండూ విపరీతంగా పెరుగుతాయి. అందులోనూ రాత్రిళ్లు పొడిదగ్గు, పిల్లికూతలు ఉంటాయి, మందు మాత్రం పూర్తిగా వేరు.

వ్యాలీ ఫీవర్, హిస్టోప్లాస్మా రిపోర్టుల్లో 1:8, 1:32 వంటి నిష్పత్తులు కనిపిస్తాయి. సీరాన్ని సగం, దానిలో సగం, మళ్లీ సగం పలుచన చేస్తూ పోతే ఎంతవరకు యాంటీబాడీ కనిపించిందో అది చెబుతుంది. 1:32 అంటే 1:8 కంటే నాలుగింతలు ఎక్కువ. రెండు నమూనాల మధ్య ఒక్క మెట్టు తేడా, ఉదాహరణకు 1:8 నుంచి 1:16, పరీక్షలో సహజంగా వచ్చే తేడాయే. రెండు మెట్లు పెరిగితే, అంటే నాలుగింతలైతే, జబ్బు ఇప్పుడు చురుకుగా ఉందని అర్థం చేసుకోవాలి.

ఆరో పని: రిపోర్టు వచ్చిన తర్వాత

రిపోర్టును ఒక్కదాన్నే పట్టుకుని మందుల దుకాణానికి వెళ్లకండి. ఇట్రాకొనజోల్ తామరకు వాడే మాత్రగా అందరికీ తెలిసినదే, అందుకే అడిగితే దొరుకుతుంది. ఊపిరితిత్తుల జబ్బుకు దాన్ని ఆరు నెలలు, తరచుగా అంతకంటే ఎక్కువ కాలం, కాలేయ పరీక్షలు చేయిస్తూ వాడాలి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ ఇట్రాకొనజోల్‌ను రక్తంలో నిలవనివ్వదు, రెండూ కలిపి మింగితే ఫంగస్ మందు వేసుకోనట్టే. రెండు జబ్బులూ ఉన్నాయన్న అనుమానం ఉంటే, ఒక ఆస్పత్రి ఇచ్చిన మందుల చీటీని మరో ఆస్పత్రిలో దాచకుండా చూపించాలి. గళ్లలో చారలు కాక గుక్కెడు రక్తం పడితే రిపోర్టుల కోసం ఆగకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

వెంట తీసుకువెళ్లవలసినవి యాంటీబాడీ రిపోర్టు, సీటీ స్కాన్ ఫిల్ములు లేదా సీడీ, పాత ఎక్స్‌రేలు, టీబీ చికిత్స కార్డు, సీబీనాట్ ఫలితం. పాత ఎక్స్‌రేలను పారేయకండి. నాలుగేళ్ల నాటి గుల్ల గోడ ఎంత పలుచగా ఉండేదో, ఇప్పుడెంత మందమైందో పోల్చి చూసే వైద్యుడికి అది కొత్త స్కాన్ అంత విలువైనది. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోనైనా, మంగళగిరి ఎయిమ్స్‌లోనైనా ఛాతీ విభాగానికి వెళ్లేటప్పుడు ఇవన్నీ తేదీల వరుసలో పెట్టుకుంటే, రద్దీగా ఉండే ఓపీలో మీకు దొరికే కొద్ది నిమిషాలు వృథా కావు.

మళ్లీ పరీక్ష ఎప్పుడు అన్న ప్రశ్న అందరూ అడుగుతారు. ఏబీపీఏలో చికిత్స మొదలైన ఎనిమిది వారాలకు మొత్తం ఐజీఈ మాత్రమే మళ్లీ చూస్తారు. అది కనీసం ఐదో వంతు తగ్గితే మందు పనిచేస్తున్నట్టు. మామూలు స్థాయికి రావాలని ఎదురుచూడవద్దు, చాలామందికి అది రాదు. తగ్గి నిలిచిన ఆ సంఖ్యే మీ కొత్త కొలత. దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత అది సగానికి సగం పెరిగి, దగ్గు, ఆయాసం కూడా పెరిగితే జబ్బు తిరగబెట్టినట్టు. ఆస్పర్జిల్లస్ ఐజీఈని మాటిమాటికీ చేయించడం వల్ల ప్రయోజనం లేదు, జబ్బు తగ్గుతున్నా అది పడుతూ లేస్తూ ఉంటుంది. దీర్ఘకాలిక ఆస్పర్జిల్లోసిస్‌లో ఐజీజీ చాలా నిదానంగా దిగుతుంది, కొందరిలో ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది. అందుకే నెలనెలా చేయించకుండా, బరువు, గళ్లలో రక్తం, స్కాన్, వీటిని చూసుకుంటూ వైద్యుడు చెప్పిన గడువుకు చేయిస్తే చాలు.

మా మామయ్యకు చికిత్స మొదలైన ఆరు నెలలకు ఐజీజీ కొంతే తగ్గింది, హద్దు కంటే ఇంకా పైనే ఉంది. ఇంట్లో అందరూ ఆ సంఖ్యను చూసి దిగులుపడ్డారు. వైద్యుడు మాత్రం ముందు బరువు చూశారు, నాలుగు కిలోలు పెరిగింది. స్కాన్‌లో గుల్ల గోడ పలుచబడింది. మందు మరో ఆరు నెలలు కొనసాగించి, అదే ప్రయోగశాలలో అదే పద్ధతిలో మళ్లీ పరీక్ష చేయించమని చీటీ రాసి ఇచ్చారు.